తాచుగారి తోకలు

మ్యూజియంలో సీతాకోకచిలుకల గది చూసే పెద్దాయనకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, తోక ప్రస్తావన చాలు. తోక తొక్కిన తాచులా లేస్తారు. అందుకే గుమాస్తాలంతా కలిసి తాచుగారని పేరు పెట్టారు. ఆ గారు మాత్రం భయంకొద్దీ తగిలించింది.

ఆయన ప్రాణమంతా గోరంత గోధుమరంగు సీతాకోకచిలుకల మీదే. అవి రెక్కలు మూసుకునే కూర్చుంటాయి. రెక్కల అడుగున వెంట్రుకంత తెల్లగీత, వెనక రెక్క కొసన దారప్పోగుల్లాంటి తోకలు. రెక్కకు రెండు తోకలుంటే ఒక జాతి, ఒకటే ఉంటే ఇంకో జాతి. ఈ ముక్క ఒప్పుకోనివాడు ఆయన లెక్కలో మనిషే కాదు.

"రంగు ఎంత బాగుందో" అంది చూడవచ్చిన ఒకావిడ.

"రంగులు కావాలంటే బట్టల కొట్టుకు వెళ్లండి. ఇక్కడ చూడాల్సింది తోకలు."

"తోకలెక్కడున్నాయండీ?"

"మరి ఆ కళ్లద్దాలు ఎందుకు పెట్టుకున్నట్టు?"

ఆవిడ మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

ఇంట్లోనూ అదే వరస. "మీ తమ్ముడు తన తోకలందర్నీ వెంటేసుకొస్తున్నాడు" అని భార్య అన్నందుకు, "తోకంటే అంత లోకువైపోయిందా నీకు?" అని ఆ పూట భోజనం మానేశారు.

ఆయన దగ్గర పనిచేసే సహాయకురాలికి ఒళ్లు మండిపోయేది. కుంచె పట్టుకుంటే తప్పు, పెట్టేస్తే తప్పు. ఈయన తోకలు తగలెయ్య, అని పళ్లు నూరుకునేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంకో నమూనా పాడైతే ఇంటికేనని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పెట్టెలో గుచ్చిపెట్టిన సీతాకోకచిలుకల మీది దుమ్ము కుంచెతో దులుపుతుంటే, ఆ రెండు తోకల జాతికున్న ఒకే ఒక్క నమూనాకు తోక ఒకటి పుటుక్కున ఊడింది. అప్పుడే డైరెక్టరు లోపలికొచ్చాడు, వెనకే తాచుగారు.

డైరెక్టరు పెట్టె మీదికి వంగాడు. "ఇదేంటి, రెండు తోకలని రాసుంది, ఈ రెక్కకు ఒకటే ఉంది. ఎవరు దులిపారిది?"

తాచుగారు పెట్టెలోకి చూశారు, ఆమె చేతిలో కుంచె వైపు చూశారు. ఆయన మొహం జేవురించింది. ఇక నా పని అయిపోయింది, అనుకుందామె.

"తోకలు లెక్కపెట్టి జాతి తేలుస్తారటండీ ఎవరన్నా?" ఆయన డైరెక్టరు మీద విరుచుకుపడ్డారు. "తోకదేముంది, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. చూడాల్సింది అడుగున ఉన్న గీత."

"నిన్నటిదాకా తోకే ప్రాణమని మీరే కదండీ..."

"నిన్న నాకు బుద్ధి లేదు. మీకు ఇవాళ కూడా లేదు."

గీత ఎక్కడ తెగుతుందో, ఎక్కడ వంకర తిరుగుతుందో గోడలు అదిరేలా చెబుతూ తాచుగారు డైరెక్టర్ని తలుపు దాకా తరిమారు. అడిగిన ప్రశ్న మర్చిపోయి, డైరెక్టరు బతుకు జీవుడా అని బయటపడ్డాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "నావల్ల మీ మాట మీరే కాదనుకోవాల్సొచ్చింది సార్."

"నోరు మూసుకో. పిట్ట వచ్చి తోకనే తల అనుకుని పొడుస్తుంది. తోక పోతుంది, ప్రాణం దక్కుతుంది. అది ఊడటానికే ఉంది, ఊడింది. దానికి ఏడుపెందుకమ్మా? జిగురు అందుకో. ఊపిరి బిగబట్టు."

ఆమెకు నవ్వు ఆగలేదు. పక్కన పెట్టిన తోక కాస్తా ఎగిరిపోయింది. తాచుగారు తిట్లు లంకించుకుని, ఆమెతో పాటే నేల మీద మోకాళ్లేసి వెతకడం మొదలుపెట్టారు.