అక్క మొక్కు, నా వాయిదాలు

పెనుకొండ ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన నేను, ఉద్యోగ విరమణ చేసిన నాలుగో ఏట, బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో నా జీర్ణాశయంలో ముప్పాతిక భాగాన్ని కోయించుకొని హిందూపురంలోని ఇంటికి తిరిగి వచ్చాను. అప్పటికి నా బరువు నూట ముప్పై ఒక్క కిలోలు. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. చక్కెర వ్యాధి మందులకు లొంగడం లేదు. ఇక శస్త్రచికిత్సే మార్గమని డాక్టర్లు తేల్చారు. ఈ సంగతి పది మందికీ తెలియడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగకాలమంతా క్రమశిక్షణ గురించి ప్రసంగించిన మనిషి తన నోటిని అదుపులో పెట్టుకోలేక కత్తిని ఆశ్రయించాడన్న మాట నా పూర్వ విద్యార్థుల చెవిన పడకూడదనుకున్నాను.

దానికి అడ్డుపడింది మా అక్క. ధర్మవరంలో ఉంటుంది, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. పట్టుచీరల మగ్గాల మీద పాత పడుగు అయిపోయినప్పుడు, మిగిలిన కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతికే పని నలభై ఏళ్లు చేసింది. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా ఊరుకోదు. నన్ను శాసించగల వ్యక్తి ఈ భూమి మీద ఆమె ఒక్కతే. నేను ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ ఆమె బయట బల్ల మీద కూర్చొని, తమ్ముడు ప్రాణాలతో తిరిగి వస్తే పెనుకొండ గుడిలో వాడి ఎత్తు బెల్లం తూచి ఇస్తానని మొక్కుకుంది.

పెనుకొండ ఎందుకంటే మేము పుట్టి పెరిగిన ఊరు అది. పైగా రైలుదారిలో హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ ఉంటుంది గనుక ఇద్దరికీ అనుకూలం. ఆ గుడి నేను పనిచేసిన బడికి కూతవేటు దూరంలో ఉందన్న విషయం ఆమెకు పట్టలేదు. అక్కడి అర్చకుడు నా విద్యార్థి. వాకిట్లో పూలు అమ్మే ఆవిడ నా విద్యార్థిని. చెప్పులకు కాపలా ఉండే మనిషి సైతం నా హయాంలో తొమ్మిదో తరగతి తప్పినవాడే.

మొక్కు సంగతి ఆమె ఆసుపత్రి మంచం పక్కనే చెప్పింది. నూట ముప్పై కిలోల బెల్లానికి ఎదురుగా, తక్కెడలో, వీళ్లందరి ముందు వేలాడుతున్న నన్ను నేను ఊహించుకొని, కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను. ఏడాదిపాటు బరువు తగ్గుతూనే ఉంటుందని డాక్టరు చెప్పాడనీ, నిలకడలేని అంకెతో మొక్కు చెల్లించడం పద్ధతి కాదనీ, తొంభై లోపుకు దిగిన మరునాడే తక్కెడ ఎక్కుతాననీ వాదించాను.

"దేవునితో బేరమాడతాండావేమిరా?" అంది అక్క.

"బేరం కాదక్కా. పరీక్షలు పూర్తి కాకుండా ఫలితాలు ప్రకటించలేం కదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, సరే కానిమ్మంది. అది మొదటి వాయిదా.

ఇంటికి వచ్చాక, అరటికాయంత మిగిలిన నా పొట్ట, బడిలో కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలా ప్రవర్తించింది. ఏమిచ్చినా ముందు ఏడ్చేది. పావుగంటకు రెండు చెంచాలకు మించి దేన్నీ ఒప్పుకొనేది కాదు. అందుచేత నేను కొలబద్ద పెట్టి ఒక కాలపట్టిక గీసి వంటింటి గోడకు అంటించాను. రోజుకు ఎనిమిది పీరియడ్లు. మొదటి పీరియడ్ పప్పు మీది తేట. రెండవది పలచటి మజ్జిగ. మూడవది వడగట్టిన రాగి అంబలి. ఆ విధంగా సాయంత్రం ఆరింటి దాకా. ప్రతి పీరియడ్‌కు నా భార్య స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేది. మూడో వారంలో ఎదురింటావిడ వచ్చి, సారు మళ్లీ ట్యూషన్లు మొదలుపెట్టినారంట కదా, మా మనవరాలిని చేర్చుకుంటారా అని అడిగింది. చేర్చుకుంటారు గానీ పాఠాలన్నీ అంబలి గురించేనని నా భార్య జవాబిచ్చింది. ఆ ఇద్దరూ గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే, నేను నాలుగో పీరియడ్ రెండో చెంచా దగ్గర గంభీరంగా కూర్చొని ఉన్నాను.

తరువాతి నెలల గురించి రాయబోతే నా వాక్యాలు కుదురుగా కూర్చోవడం లేదు, పాఠకులు మన్నించాలి. అయిదో నెలలో ఒకనాడు స్నానాల గదిలో తల వంచి చూస్తే నా కాలివేళ్లు కనబడ్డాయి. పదిహేనేళ్లుగా అవి ఎలా ఉన్నాయో నేనెరుగను. భార్యను కేకవేసి పిలిచాను. ఆమె పరుగున వచ్చి, చూసి, "పదీ ఉన్నాయి కదా, ఇంక సబ్బు రుద్దుకోండి" అని వెళ్లిపోయింది. ఏడో నెలలో ప్లాస్టిక్ కుర్చీలో భయం లేకుండా కూర్చున్నాను. తొమ్మిదో నెలలో నా పాత ప్యాంటులో రెండు కాళ్లనూ ఒకే వైపు దూర్చి, దర్జీ అంగడిలో నిలబడి అందరినీ చూడమన్నాను. అరవై మూడేళ్ల మనిషి, బజారులో! స్టేషనులో ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు, కదులుతున్న రైలుతో సమానంగా, ఏ బండీ ఎక్కవలసిన పని లేకుండానే వడివడిగా నడిచేవాణ్ణి. కిటికీల్లోంచి జనం, రైలు తప్పిపోయిందేమోనని, ఎక్కమని చేతులు చాచేవారు.

పదమూడో నెలలో తొంభై రెండుకు వచ్చాను. అక్క ఫోన్ చేసి, ఇంక రారా అంది. రెండే కిలోలు, ఉగాదికి కచ్చితంగా కూర్చుంటానన్నాను. "తొంభై రెండైతే దేవుడేమన్నా లోపలికి రానియ్యడా?" అని అడిగింది. నియమం నియమమే అన్నాను. అది రెండో వాయిదా.

ఆ రెండు కిలోలు తగ్గలేదు. ఉగాదికి తొంభై ఆరు. శ్రావణానికి నూరు దాటింది. మూడో వాయిదాకు ఫోన్ చేయకుండా సందేశం పంపించాను. నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఏమంటే, నేను ఏ తప్పూ చేయలేదు. నా దగ్గర హాజరు పట్టీ ఉంది. ఎనిమిది పీరియడ్లలో ఏది తిన్నదీ, ఎన్ని చెంచాలు తిన్నదీ, ఎర్ర సిరాతో, నీలి సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. దాన్ని చంకన పెట్టుకొని బెంగళూరు వెళ్లి, ఆసుపత్రిలో ఆహారం గురించి సలహా ఇచ్చే అమ్మాయి ముందు పరిచాను. ఆమె పది పేజీలు తిప్పి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకొని, తరువాత అడిగింది.

"పీరియడ్లకు మధ్యలో ఏం తింటారు సార్?"

"అది విరామం" అన్నాను.

"విరామంలో ఏం తింటారు?"

"విరామంలో హాజరు తీసుకొనే ఆచారం ఏ బడిలోనూ లేదమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. నేను చెప్పసాగాను. రెండో పీరియడ్ తరువాత పది నిమిషాల విరామం. బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ ఒక పిడికెడు. నాలుగో పీరియడ్ తరువాత మరొకటి. అందులో ఒక చిన్న బెల్లం గడ్డ. ఆరో పీరియడ్ తరువాత, ఎవరింట్లోనైనా శుభకార్యం జరిగి ఉంటే, పాలలో నానబెట్టిన ఓళిగ ఒకటి. ఓళిగంటే బొబ్బట్టేనని వివరించాను. మెత్తనిది గనుక నా పొట్ట ఏడ్చేది కాదని కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగా నా మాటలు నాకే వినబడ్డాయి. తొంభై రెండు కాస్తా ఆనాటికి నూట ఏడు కిలోలు ఎలా అయిందో, ఒకటో ఎక్కం చదివినంత తేలికగా అర్థమైంది. ఆ అమ్మాయి కోప్పడలేదు. మళ్లీ మొదటి నెలలా మొదలుపెడదాం సార్ అని, నా పట్టీలో పీరియడ్ల నడుమ తానే గీతలు గీసి కొత్త గళ్లు చేర్చింది. గీతలు వంకరగా వచ్చాయి. పట్టీని మళ్లీ చంకన పెట్టుకున్నాను.

ఆ వారమే ధర్మవరం వెళ్లాను. మళ్లీ మొదలుపెట్టాను గనుక ఇంకొక్క ఏడాది గడువు కావాలని అక్కను ముఖాముఖి అడగడం నా ఉద్దేశం. ఆమె కోడలు కాఫీ తెచ్చింది. మా ఇళ్లలో బెల్లం కాఫీయే వాడుక. నాకు సగం లోటా, తియ్యదనం లేకుండా ఇచ్చింది; సరే, రోగిని. అక్క లోటా కూడా అదే గిన్నెలోంచి నింపింది.

చిన్నప్పుడు బెల్లం కుండ ఖాళీ చేసి, నా మూతికి ఇంత పూసి, నాయన చేత నాకు దెబ్బలు తినిపించిన మనిషి మా అక్క. చక్కెర వ్యాధి ఆమెకు లేదు. ఏమిటిదని కోడలిని అడిగాను.

"అత్త బెల్లం ముట్టి రెండేండ్లు కావస్తాండాది మామా. మొక్కు తీరే దాకా ముట్టనని ఆడ ఆసుపత్రిలోనే అనుకున్నాదంట. పండగలప్పుడు ఓళిగలు చేసేది ఆయమ్మే, తినకుండా లేచి పోయేదీ ఆయమ్మే."

"నువ్వు లోపలికి పో" అంది అక్క.

నేను లోటా కింద పెట్టాను. నా మూడు వాయిదాలూ, నా తొంభై, నా తుది ఫలితం, నా నియమం అన్నీ ఆ చేదు కాఫీలో మునిగాయి. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నాకోసమని పరిగెత్తుకొచ్చి కూచుంటావు. సిగ్గుపడతానే కూచుంటావు. అది నాకెందుకు?"

"నేను తొంభైకి తగ్గాలనే కదక్కా..."

"నువ్వు తగ్గాలని నేను మొక్కల్యా. తిరిగొస్తే చాలని మొక్కినా. వచ్చినావు. ఈడ కూచున్నావు. ఎన్ని కేజీలైతే నాకేమి?"

వచ్చే శనివారం, ఉదయం తొమ్మిదింటికి, పెనుకొండలో అన్నాను. ఆమె లేచి గోడ క్యాలెండరులో శనివారం చుట్టూ సున్నా చుట్టింది.

శుక్రవారం ఉదయం పరగడుపున, బనియను మీద, ఇంటి యంత్రం ఎక్కాను. నూట ఐదు. హిందూపురం బెల్లం మండీలో సరిగ్గా నూట ఐదు కిలోలు తూయించాను. ఒక గడ్డ ఎక్కువ పడితే తీయించాను. శనివారం బండిలో గుడికి చేర్చాము. తక్కెడ, నేను భయపడినట్లే, వాకిట్లో నడిమధ్యన ఉంది: దూలానికి వేలాడే ఇనుప కాడి, గొలుసులకు రెండు పలకలు. నేను భయపడినట్లే జనమూ ఉన్నారు. ధోవతి, చొక్కా, పై పంచె, రెండు పీరియడ్ల తేటా మజ్జిగలతో నేను పలక మీద కూర్చున్నాను. అవతల బెల్లం పేర్చారు. చివరి గడ్డ కూడా పెట్టారు. నా పాదాలు నేల మీదనే ఉన్నాయి.

"సార్, చాల్లేదు" అన్నాడు అర్చకుడు, నా ముందు నిలబడినప్పటి పాత అలవాటుతో చేతులు కట్టుకొని.

బెల్లం కోసం వాకిలంతా కదిలింది. పూలావిడ తన డబ్బాలోంచి ఒక ముక్క తెచ్చింది. టెంకాయల అంగడాయన అరకిలో తెచ్చాడు. ఎవరో పాకం పెట్టడానికి ఇంట్లో దాచుకున్నది, చీమలతో సహా కాగితంలో పట్టుకొచ్చారు. తక్కెడ కొంచెం కదిలి మళ్లీ ఆగింది. ఎవరూ చూడకూడదని రెండేళ్లు నేను దాచిన బరువును ఊరు ఊరంతా గడ్డ గడ్డగా కూడుతోంది. నాకు లోపలి నుంచి నవ్వు మొదలైంది. ఆపబోయాను. ఆగలేదు. గొలుసులు గలగలమన్నాయి.

"నవ్వాకండి సార్, ముల్లు ఊగతాండాది" అని అర్చకుడు బతిమాలాడు.

అప్పుడు చెప్పుల కాపలా మనిషి గుంపును తోసుకొని ముందుకు వచ్చాడు. అతని చేతిలో కొబ్బరికాయంత బెల్లం గడ్డ ఉంది.

"నేను మూడు మార్కులతో తప్పినా సార్. గ్రేసు ఇయ్యండని మా అవ్వ మీ కాళ్లు పట్టుకున్యాది. మీరు ఇయ్యల్యా. నేనిస్తాండా, పట్టండి."

గడ్డ పలక మీద పడింది. కాడి నిట్టూర్చినట్లు కిర్రుమంది; నా పాదాలు నేలను వదిలాయి. జానెడు, మూరెడు. నూట తొమ్మిది కిలోల మనిషిని గాలిలో ఉన్నాను. చప్పట్లు కొట్టింది ఎవరో నాకు కనబడలేదు; నవ్వీ నవ్వీ కళ్లజోడు మసకబారింది. మోకాళ్లు ముడుచుకొని కాళ్లు ఊపానని నా భార్య చెబుతుంది. అంత ఖండితంగా నేను చెప్పలేను.

అర్చకుడు మొదటి ముక్క విరిచి అక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకొని, నోట్లో వేసుకొని, కళ్లు మూసుకుంది.

"కొత్త బెల్లం కాదురా ఇది. యాడ కొన్నావు?" అంది.

అని, రెండో ముక్క తానే విరుచుకుంది. మూడోది కొంచెం పెద్దది. ఇంక చాలత్తా అంటూ కోడలు పక్కన చేరింది. అర్చకుడు నీళ్ల చెంబు తెచ్చాడు. నా భార్య, పూలావిడ, చెప్పులాయన, అందరూ అక్క చుట్టూ మూగారు. నన్ను దించడం ఎవరికీ గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు.