పులిదవడ దగ్గర ఆగిన పడవ

ఆ రోజు బావకు నిజంగానే దారి తెలియలేదా, తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడా? నేను అదే పడవలో, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. అన్నీ కళ్లారా చూశాను. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పలేను.

ఇన్‌పెంగ్ మా అక్క భర్త. మెకాంగ్ నది మీద ప్రయాణికుల పడవ నడిపేవాడు. సరిహద్దులో ఎక్కినవాళ్లు సాయంత్రానికి మా ఊరు పాక్‌బెంగ్ చేరి, రాత్రికి ఇక్కడ పడుకుని, మర్నాడు లువాంగ్ ప్రబాంగ్‌లో దిగేవాళ్లు. తక్కువ ఖర్చుతో దేశాలు తిరిగే కుర్రకారు తమంత ఎత్తు మూటలు వీపున వేసుకుని, రేవు మెట్లెక్కి మా ఇంట్లో గదులు అడిగేవారు. పొద్దున్నే చదివేసిన పుస్తకాలు వదిలేసి పోయేవారు. నాకు చదువు పిచ్చి పట్టించింది వాళ్లే.

బావ, అక్క పడవ వెనక భాగంలోనే కాపురం ఉండేవారు. అక్క పోయాక కూడా బావ ఒడ్డుకు మారలేదు.

"ఇంట్లో గదులు ఖాళీగా ఉన్నాయి కదా బావా" అంటే, "మీ మంచాలు కదలవమ్మాయ్. నాకు నిద్ర పట్టదు" అనేవాడు.

ఏ నెలలో ఏ బండ ఎంత మునుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఎగువన ఆనకట్టలు లేచాక నది నెలల లెక్క మరిచిపోయింది. పొద్దున పెరిగిన నీళ్లు మధ్యాహ్నానికి తగ్గిపోయేవి. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో, పులిదవడ అనే జంట బండల దగ్గర, బావ కంటికి కనిపించిన నీటిని కాదని కంఠతా వచ్చిన నీటిని నమ్మాడు. పడవ అడుగు చీలిపోయింది. దేవుడి దయ, అందరూ ఇసుక మీదికి చేరారు. తడిసిన పాస్‌పోర్టులు బండల మీద ఆరబెట్టుకున్నారు. పడవ మాత్రం దక్కలేదు. బావ మా ఇంట్లో గదికి మారక తప్పలేదు.

మూడు నెలలకు సోమ్‌లిత్ మా ఇంటికి వచ్చాడు. పడవల సంఘం పెద్ద. చక్రం పట్టడం బావ దగ్గరే నేర్చాడు.

"అన్నా, కొందరు నీకు చక్రం ఇవ్వొద్దంటున్నారు. నా పడవ నడుపు. పక్కన నేను కూర్చుంటా. లువాంగ్ ప్రబాంగ్ దాకా ఒక్కసారి సరిగ్గా తీసుకెళితే సంఘం పడవల్లో మళ్లీ నీ వంతు నీకిస్తా."

"నీకు ముక్కు తుడుచుకోవడం రానప్పుడు ఈ పని నేర్పాను. నాకే పరీక్ష పెడతావురా?"

"అప్పుడు తెడ్డుతో వీపు పగలగొట్టావు కూడా. నేను కొట్టనులే."

బావ నవ్వాడు. ప్రమాదం జరిగాక నవ్వడం అదే మొదలు. పదమూడో ఏట నది మీదికి వచ్చిన మనిషి. ఆ చక్రం తప్ప వేరే బతుకు ఎరగడు.

కళ్లద్దాలు మార్చుకోవాలన్న వంకతో నేనూ ఎక్కాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పడవ ముక్కుకొయ్య దగ్గర పూలు పెడుతున్నాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావు బావా."

"పెళ్లికూతురు వీడేనా? మీసాలున్నాయే!" అన్నాడు సోమ్‌లిత్‌ని చూసి.

అప్పుడే ఇద్దరు సరంగులు సోమ్‌లిత్‌ని పక్కకు లాగారు. లాగారన్న మాటే గానీ, వాళ్ల గొంతులు నాదాకా వినబడ్డాయి. "ఆయన నెగ్గినా మేం ఒప్పుకోం. మీ గురువు కోసం సంఘాన్ని చీలుస్తావా?" బావ వంగి పూలు సర్దుతూనే ఉన్నాడు. వినబడిందో లేదో!

పడవ కదిలింది. అరవైమంది దాకా కుర్రాళ్లు పేకాడుతూ, కాళ్లు చాపుకుని నిద్రపోతూ ఉన్నారు. బావ ఒక్కొక్క బండనూ పేరుపేరునా పలకరించినట్టు దాటించాడు. సోమ్‌లిత్ భుజాలు మెల్లగా సడలాయి.

పులిదవడ ముందరి మలుపులో ఇంజను చప్పుడు తగ్గింది. బావ పడవ ముక్కును నెమ్మదిగా ఇసుకకు ఆనించాడు. ఈతకు ఆపారనుకుని వెనక కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి నా వైపు చూసి, తినడానికేనా అని చేత్తో సైగ చేసింది.

బావ చక్రం మీంచి చేతులు తీశాడు. "ఇక్కడ నాకు తెలియడం లేదురా. నువ్వు పట్టు."

"తొందరేం లేదన్నా. నీళ్లు చూడు."

"చూశాను."

"ఎడమా, కుడా? నోటితో చెప్పు చాలు, నేనే తిప్పుతా."

బావ లేచి చోటిచ్చాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

సోమ్‌లిత్ పడవను వెనక్కి లాగి బండల మధ్యకు పోనిచ్చాడు. అతను చక్రం తిప్పేలోపే ఒళ్లో ఉన్న బావ చేతులు అటే తిరిగేవి. రెండుసార్లు అలాగే జరిగింది. మూడోసారి బావ చేతులు కుడికి తిరిగాయి. పడవ ఎడమకు వెళ్లింది, క్షేమంగానే వెళ్లింది. కుడివైపు దారి ఉందో, బండే ఉందో నాకెవరు చెబుతారు?

దిగేటప్పుడు కుర్రాళ్లు బావ భుజం మీద చేయి వేసి ఫొటోలు దిగారు. ఆయన బుద్ధిగా నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక మా ఇంట్లో పదకొండు రోజులే ఉన్నాడు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగేశాను.

"నిజం చెప్పు బావా. ఆ రోజు నీకు తెలుసు కదూ?"

"చేపల పులుసులో ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఆ తర్వాత ఉదొమ్‌సాయ్ కొండల్లో ఉన్న తమ్ముడి దగ్గరికి పోతానన్నాడు. సరే, పున్నమి నాడు ఇరుగుపొరుగుని పిలిచి, చేతికి దారాలు కట్టి, ప్రాణాలన్నీ ఒంట్లో నిలవాలని దీవించి పంపుదామనుకున్నాం. సోమ్‌లిత్ తానే మొదటి దారం కడతానన్నాడు.

పున్నమికి ముందురోజు పొద్దున కోడి కోసం, తెల్ల దారం కోసం సంతకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి గదిలో పరుపు మడత పెట్టి ఉంది. కొండ మీది ఊళ్లకు పోయే వ్యాను వెళ్లి చాలాసేపయిందని ఎదురింటావిడ చెప్పింది.

"ఏమైనా అన్నాడా?" అన్నాను.

"లేదమ్మా. నది వైపు సీటు ఖాళీగానే ఉంది. కొండ వైపు కూర్చున్నాడు."