మిరప చేలో అమ్మ చదివిన వాక్యం

మా చిన్నప్పుడు... మందిరంలో వాక్యం చదివే వంతుల అట్ట మీద మా అమ్మ పేరును ఎర్రపెన్నుతో కొట్టేశాడు మా సంఘపెద్ద దావీదయ్య. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి. ఆ తర్వాత నవ్వొస్తుంది... ఎందుకో చెప్తా.

జూలూరుపాడు అవతల, అడవి అంచున, మాది ఇరవై గడపలున్న ఊరు. చిన్న పెంకుల మందిరం. పొద్దున ఆరింటికి గంట కొడితే ఇంటికొకరు వచ్చి కూర్చునేవాళ్ళు. వంతు ఎవరిదైతే వాళ్ళు ఆ రోజు బైబిలు భాగం చదవాలి. ఏ రోజు ఏ భాగమో అట్ట మీద రాసి ఉండేది.

మా అమ్మ మార్తమ్మకు నేను బడికి పోయేదాకా అక్షరం ముక్క రాదు. నా ఒకటో తరగతి వాచకంలోనే నాతోపాటు నేర్చుకుంది. ఇరవై రోజులకోసారి వచ్చే ఆ వంతు కోసం పొయ్యి ముందు కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది... వంతు రోజు ఉతికిన చీర కట్టుకునేది. మా ఇంట్లో పండగంటే అదే.

మిర్చి ఏరే కాలం వచ్చింది. కూలోళ్ళ ఆటో అయిదున్నరకే వచ్చి హారన్ కొట్టేది. అమ్మ వంతు రెండుసార్లు తప్పింది... అంతే.

"దేవుని కాడ నమ్మకత్వం లేనోళ్ళకు వంతెందుకు?" అన్నాడు దావీదయ్య, ఆదివారం అందరి ముందర. ఆ నెలంతా చదివే భాగాలు విశ్వాసం, నమ్మకత్వం గురించే మరి!

అమ్మ ఇంటికొచ్చి, ఉతికిన చీర మడతపెట్టి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేసింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఏడో తరగతి నాది. బస్టాండులో ఎవరు ఏ కరపత్రం పంచినా తెచ్చుకుని చదివేదాన్ని... దేవునివీ, కూలి రేట్లవీ, రెండూ. నేరుగా పోయి ఆయన వాకిట్లో నిలబడ్డాను.

"పెద్దయ్యా, ఇది శ్రమజీవులకు జరిగిన ఘోర అన్యాయం!"

ఆయన నోట్లో వేపపుల్ల తీసి, "ఏందే పిల్లా, కరపత్రం లెక్క మాట్లాడుతున్నవ్? జల్దీ బడికి పో" అన్నాడు.

శనివారం బడి లేకపోతే అమ్మతో చేలోకి పోయాను. మధ్యాహ్నం అన్నం ముందు అమ్మ సంచిలోంచి బైబిలు తీసింది! నాకే తెలియదు. అట్ట మీద రాసి ఉన్న ఆ రోజు భాగమే, తప్పకుండా, అక్కడ చదువుతోంది రోజూ. ఆడోళ్ళంతా చుట్టూ చేరారు. సోమక్క మా సంఘం కాదు, వాళ్ళ గూడెం దేవతను కొలుస్తుంది. అందరికంటే ముందు కూర్చునేది ఆమే.

"మార్తా, ఆ నోవహు పడవ ఎక్కిండా లేదా? వాన ఎప్పుడు పడ్తది?"

"అవ్ అక్కా, ఎక్కిండు. నువ్వు తినుకుంట ఇను..."

"అందరు నవ్వినా గూడ రోజూ పోయి ఒక చెక్క కొట్టిండు సూడు... గదీ మనిషంటే!" అంది సోమక్క. విశ్వాసం గురించి అంతకంటే మంచి ప్రసంగం నేను మళ్ళీ వినలేదు.

మరుసటి రోజు ఆదివారం. రూతు కథ... కోతల చేలో రాలిన కంకులు ఏరి అత్తను సాకిన కోడలిది. దావీదయ్య కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చాడు. "మార్తా, నీది పెద్దక్షరాల పుస్తకం గదా, ఇటియ్యి" అని తీసుకున్నాడు. వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పడం ఆయన అలవాటు. నాలుగు పేజీలు తిప్పాడు... కళ్ళు తుడుచుకున్నాడు... ఇంక చూస్కోండి. ధారలు!

పెద్దయ్య ఏడుస్తున్నాడని సంఘమంతా "స్తోత్రం!" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఒక్కతే చెంబుతో నీళ్ళు పట్టుకుని ఉరికింది. "నలపకు పెద్దయ్యా, అది మిర్చి మంట!"

"దేవుని పుస్తకానికి మిర్చెట్ల అంటింది?" అన్నాడు ముక్కు చీదుతూ.

నేను లేచాను. "అమ్మ రోజూ చేలోనే చదువుతోంది! రూతు పరిగె ఏరింది కదా పెద్దయ్యా... పొద్దున ఆరింటికి ఆమె మందిరంలో ఉందా, చేలో ఉందా?"

ఆయన మొహం కడుక్కుని, ఈసారి పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, అట్ట చూసుకుంటూ ఒక్కో భాగం తెరిచాడు. ప్రతి రోజు భాగం కాడా ఎర్రటి వేలిముద్ర... ఒక్క రోజు కూడా తప్పలేదు.

"నేను జ్వరమని మూడు రోజులు ఎగ్గొట్టిన" అన్నాడు మెల్లగా. లేచి వెళ్ళి, తన చేత్తోనే మార్తమ్మ అని అట్ట పైవరసలో రాశాడు. మిర్చి అయ్యేదాకా వాక్యం పొద్దు గూకినంక అన్నాడు. మర్నాడే అమ్మ వంతు. ఒక్కో మాట కూడబలుక్కుంటూ అరగంట చదివింది... ఎవరూ కదల్లేదు.

ఇప్పుడు వాక్యం పొద్దున్నే ఫోన్‌లోకి వస్తుంది. దండం బొమ్మ ఒకటి పెట్టి పైకి తోసేస్తున్నాం. మందిరానికి వారమంతా తాళమే... ఇది చేసింది ఎవరో కాదు, మనమే. నేను కూడా.

మీ ఇంట్లో ఎవరు చదివి వినిపించేవాళ్ళో కింద రాయండి... దూరాన ఉన్నవాళ్ళకు అంతే పని. మా ఊరోళ్ళకు మాత్రం చెప్తున్నా: ఈ సోమవారం నుంచి రోజూ సాయంత్రం ఆరున్నరకు తాళం తీస్తున్నా. మొదటి వంతు నాది. ఏ పనిలోంచైనా అట్నుంచి అటే రండి.