శనివారం వంతు మాది

ఆ సంవత్సరం మా ఊరి బడికి రావలసినవి చాలా రాలేదు. సుద్దముక్కలకిచ్చే డబ్బులు రాలేదు. ఊడ్చే మనిషిని మాన్పించారు. ఇద్దరు టీచర్లలో ఒకరిని మొగుళ్లపల్లి అవతల వేరే బడికి సర్దుబాటు చేశారు. మిగిలిన మేడం ఒక్కతే రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి ఐదు తరగతులూ నడిపేది. ఎడమవైపు తిరిగితే చిన్నవాళ్లకు అక్షరాలు, కుడివైపు తిరిగితే పెద్దవాళ్లకు లెక్కలు. సాయంత్రానికి ఆమె మెడ పట్టేసేది.

ఊడ్చే పనికి ఊరి ఆడవాళ్లం వంతులు వేసుకున్నాం. సోమవారం నాది. చీపురు ఇంటినుంచే పట్టుకుపోయేదాన్ని, పని కాగానే మళ్లీ ఇంటికే తెచ్చుకునేదాన్ని. నేను చదివింది మూడో తరగతి దాకానే. అదీ జనగామ దిక్కు మా పుట్టింటి ఊళ్లో, చెట్టు కింద నడిచిన బడిలో. అందుకని గోడలూ కప్పూ ఉన్న బడిని చూస్తే ఇప్పటికీ నాకు గొప్పగానే ఉంటుంది.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకున్నాం. హాస్టల్ సంగతే సర్దుకోలేకపోయాం.

మా ఊరి పక్క తండావాళ్లు జనవరి సగం కాగానే బయ్యారం అవతలికి మిరపకాయలు ఏరడానికి పోతారు. ఇళ్లకు తాళాలు వేసి, కోళ్లను గంపల్లో పెట్టుకొని వ్యాన్ ఎక్కుతారు. ఎండలు ముదిరాకే తిరిగి రావడం. వెంట పోయిన పిల్లల చదువు ఆగిపోతుందని, ఆ మూడు నెలలూ వాళ్లను బడి వెనక గదిలో ఉంచుకొని అన్నం పెట్టే హాస్టల్ ఒకటి సర్కారు నడిపేది. ఆ ఏడు దానికి డబ్బులు మంజూరు కాలేదు. పిల్లలంతా వ్యాన్ ఎక్కడానికి సిద్ధమయ్యారు.

వాళ్లలో నాలుగో తరగతి ఆడపిల్ల ఒకతి ఉంది. ఇంట్లో వాళ్ల భాష, బడిలో మన భాష. రెండింటిలోనూ మాటలు తక్కువే. లెక్కల్లో మాత్రం మేడం ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపే పలక ఎత్తి చూపించేది. మేడం ఆ పిల్లను గురుకులం పరీక్షకు తయారు చేస్తోంది. ఫిబ్రవరి చివర ఒక ఆదివారం చిట్యాలలో ఆ పరీక్ష. సీటు వస్తే ఐదో తరగతి నుంచి చదువు, తిండి, బట్ట అన్నీ అక్కడే. తోటకు పోతే పరీక్ష లేదు. అది లేకపోతే రెండేళ్లలో ఆ పిల్ల కూడా వాళ్లమ్మ పక్కన కూర్చొని మిరపకాయలు ఏరుతుంది.

ఒక సోమవారం నేను బడి వాకిలి ఊడుస్తుండగా ఆ పిల్ల తల్లి వచ్చింది.

“ఈ యేడు హాస్టల్ లేదంటున్నరు గద మేడం. పిల్లను మాతోటే తోల్కపోతం.”

“ఆరు వారాలు ఆగు తల్లీ. పరీక్ష రాసినంక తోల్కపో,” అంది మేడం.

“ఎవలింట్ల ఆగాలె? మా అత్త గూడ వస్తున్నది. తండల కుక్కలు తప్ప ఎవ్వలుండరు.”

పిల్లను ఉంచుకోవడానికి మేడంకు మా ఊళ్లో ఇల్లు లేదు. ఆమె రోజూ భూపాలపల్లి నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి.

“పండుకోనీకి మా ఇంట్ల పండుకుంటది,” అన్నాను నేను. “తిండి మాత్రం నేనొక్కదాన్నే పెట్ట. బడి నా ఒక్కదానిదా? ఊరందరిదీ. తలా ఒక పూట పెట్టాలె.”

మా పుట్టింట్లో గురువారం గురువారం ఒకాయన వచ్చి తినిపోయేవాడు. మిగతా ఆరు రోజులు ఆరు ఇళ్లలో. వారాలు చేసుకొని చదువుకోవడం అనేవారు. నాకు అది గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం ఎట్లాగూ బడిలో పెడతారు. రాత్రి అన్నం, మర్నాడు పొద్దున ఇంత ఏదైనా పెట్టడం వంతుకొచ్చిన ఇంటి పని. ఆదివారం ఇంటివాళ్లు మధ్యాహ్నం కూడా పెట్టాలి. మేడమూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. “తండా పిల్లకు మా ఇంట్లనా?” అన్నవాళ్లూ లేకపోలేదు. “మీరు తినే మిరపకారం ఎవలు ఏరిన్రో ఎరుకేనా?” అన్నాను. ఆరు ఇళ్లు కుదిరాయి. శనివారానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. మా ఊళ్లో సగం ఇళ్లు శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒకసారి తింటే ఇక ఆ రోజుకు పొయ్యి వెలిగించరు. నాదీ, మా ముసలాయనదీ ఒక్కపొద్దే. అయినా మాట ఎత్తింది నేను కాబట్టి శనివారం నాకే పడింది.

తల్లి పోతూ పోతూ పిల్లకు వాళ్ల భాషలో ఏదో చెప్పింది. నాకు అర్థం కావాలని కాబోలు, చివరి మాట తెలుగులో అంది. “అవ్వను ఏది అడగకు. పెట్టింది తిను.”

పిల్ల మా ఇంట్లో ఉన్నట్టే ఉండేది కాదు. లేచిన వెంటనే చాప చుట్టి మూలకు నిలబెట్టేది. లైటు అవసరం లేకపోతే తానే ఆర్పేది. స్నానానికి నేను పోసుకునేదానికంటే ఒక చెంబు తక్కువే పోసుకునేది. నాకు ఇట్లాంటి పిల్లలంటే ఇష్టం. పైకి చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం కొంచెం ఎక్కువ వండి, అన్నం మీద మూత పెట్టేదాన్ని. పొద్దుగూకే వేళకు నేనూ ముసలాయనా హనుమాండ్ల గుడిలో భజనకు పోతాం. పోతూ, “గిన్నెల అన్నమున్నది, గురిగిల పప్పున్నది. పెట్టుకొని తిను,” అని చెప్పేదాన్ని. వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. ఆదివారం పొద్దున మూత తీస్తే అన్నం అంతా అట్లాగే ఉండేది. బడిలో మధ్యాహ్నం దండిగా తిని ఉంటుందిలే అనుకున్నాను. మెతుకు పారేసే ఇల్లు కాదు మాది. మజ్జిగ పోసుకొని నేనూ ముసలాయనా తినేవాళ్లం. పిల్ల తనకు చాయ్ చాలని అదే తాగి, మేడం పెట్టే పరీక్షకు బడికి పోయేది. మేడం ఆదివారం కూడా బస్సెక్కి వచ్చేది, మహాతల్లి.

“చూసినవా, ఆశపోతు పిల్ల గాదు,” అన్నాను ముసలాయనతో.

అట్లా మూడు శనివారాలు.

నాలుగో వారం సోమవారం ఊడవడానికి పోతే, మేడం నా ముందు కాగితాలు పరిచింది. వారానికి రెండుసార్లు, బుధవారమూ ఆదివారమూ పిల్లతో రాయించిన పరీక్షలవి. బుధవారం కాగితాల నిండా రైటు గుర్తులు. ఆదివారం కాగితాల్లో సగం ఖాళీ. చేతిరాత కూడా గీత దిగి ఒరిగిపోయింది.

“ఆదివారం దీనికేమైతున్నది అవ్వా? ఎన్నిసార్లడిగినా చెప్తలేదు. అసలు పరీక్ష గూడ ఆదివారమే.”

పిల్లను పిలిచాను.

“ఏమే, శనివారం నిద్రపడ్తలేదా?”

“పడ్తది అవ్వా.”

“జొరమా? కడుపునొప్పా?”

“లేదు.” కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. “ఆకలైతది.”

“గిన్నెల అన్నం తినమన్న గదనే!”

“అది మీ పొద్దటి అన్నం గద అవ్వా. నేను తింటె మీకేముంటది? మీ ఇంట్ల శనివారం ఎవ్వలు తినరు గద, నేనొక్కదాన్నెట్ల తింట?”

“నోరు లేదా నీకు? అడగరాదూ?”

“అమ్మ అడగద్దన్నది.”

నేను పిల్లను ఇంకా నాలుగు మాటలన్నాను. అంటున్నకొద్దీ నా మాటలు నాకే నచ్చలేదు. శనివారం మధ్యాహ్నం బడిలో తిన్న పిల్ల, మళ్లీ ఆదివారం మధ్యాహ్నం దాకా ఒక చాయ్ మీద ఉంది. ఆ ఆకలిని నేను బుద్ధిమంతురాలి లక్షణం అనుకొని మురిశాను. పొదుపు నా కడుపుతో చేసినంతకాలం నాకు ఏ తప్పూ తోచలేదు. ఇక్కడ చేసింది పిల్ల కడుపుతో.

ఇంటికొచ్చి ముసలాయనకు చెప్పాను.

“అయితే మూడు వారాల సంది మనం తిన్నది ఆ పిల్ల బువ్వనా? ఆశపోతులం మనమేనే.”

పరీక్షకు ఇంకా రెండు శనివారాలున్నాయి. పెళ్లయి వచ్చినప్పటినుంచి తప్పని ఒక్కపొద్దు నాది. దేవుడితో నేనే మాట్లాడుకొని దాన్ని సోమవారానికి మార్చుకున్నాను. శనివారం పొద్దుగూకే వేళకు పొయ్యి వెలిగించి, తండావాళ్లు తినే పద్ధతిలో జొన్నరొట్టెలు కొంచెం మందంగా తట్టాను. చిక్కుడుకాయ కూర చేశాను. రెండు కంచాలు పెట్టి పిల్లకు ఎదురుగా కూర్చున్నాను. నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అది రొట్టె తుంచలేదు. శనివారం రాత్రి తినడం నాకు ఎవరింట్లోనో దొంగతనంగా తింటున్నట్టే ఉంది. అయినా నమిలాను. పిల్ల రెండు రొట్టెలు తిన్నది. మూడోది అడగకుండానే వేశాను. అదీ తిన్నది.

గుడి దగ్గర, “అవ్వ భజనకు రాలేదేంది?” అని అడిగారట.

“రొట్టెల భజన చేస్తున్నది,” అన్నాడట మా ముసలాయన.

ఆ మర్నాడు రాసిన కాగితాన్ని మేడం నా కోసం సోమవారం దాకా దాచింది. ఒక్కటే తప్పు.

పరీక్ష రోజు ముగ్గురం ఆటోలో చిట్యాల పోయాం. పిల్ల లోపలికి పోయాక నేనూ మేడమూ గేటు బయట నీడలో కూర్చున్నాం. నాకు అక్షరాలు వచ్చినా అంత పెద్ద పరీక్ష ఎట్లా ఉంటుందో తెలియదు. బయటికి రాగానే అడిగాను.

“ఎట్ల రాసినవే?”

“రెండు రాలేదు అవ్వా.”

“మిగిలినయి?”

“వచ్చినయి.”

తల్లిదండ్రులు మిరపతోట నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. భూపాలపల్లి దిక్కు గురుకులంలో సీటు. చేర్పించే రోజు తల్లి నన్నూ రమ్మంది. బస్సు చార్జీ దండగ అన్నాను, అయినా పోయాను.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనం వేళ. పిల్లలు కంచాలు పట్టుకొని వరసలో నిలబడ్డారు. మా పిల్లకూ ఒక కంచం ఇచ్చి నిలబెట్టారు. నేనూ వాళ్లమ్మా గుమ్మం బయటినుంచి చూస్తున్నాం. దాని వంతు వచ్చింది. వడ్డించే ఆమె ఒక గరిటె అన్నం వేసింది. పిల్ల పక్కకు జరిగింది. రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి కంచం ముందుకు చాపింది.

“ఇంక జర పెట్టు అక్కా.”

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో, గిట్ల అడుగుడు ఎప్పుడు నేర్చుకున్నదవ్వా గిది?”

“అడుగనియ్యే,” అన్నాను. “బువ్వనే గద అడిగింది.”