సూదిముక్కల చాకు

పాలు దించి వెనక్కి తిరిగేసరికి, పద్నాలుగు నెలల మా వాడు నేల మీద కూర్చుని మా నాన్న మడతచాకును నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. లాక్కుని చూస్తే చాకు మూసే ఉంది. ఎంతసేపు దాంతో కుస్తీ పట్టాడో ఏమో, పిడంతా చొంగ. దాన్ని కింది సొరుగులో పెట్టింది నేనే.

"ఏం కాలేదుగా, ఊరుకో," అన్నారు మావారు.

"కాలేదు సరే. అయ్యుంటే?"

నాకెప్పుడూ అదే ప్రశ్న. నీళ్ళ నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. ఎక్కడో తేడా ఉందేమోనని వెతకడానికే నాకు జీతమిస్తారు. తల్లినయ్యాక ఆ పని ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

ఆ పూటే చాకును ఇల్లు దాటించాలనుకున్నాను. కానీ నాన్న పోయి నాలుగేళ్ళు. పుస్తకాలు బైండింగ్ చేసేవారు. ఆయన చేతిలో అరిగిన వస్తువు నా దగ్గర ఇదొక్కటే మిగిలింది. పారేయడానికి చేతులు రాలేదు. మా ల్యాబ్ పెద్దమేడం తమ్ముడు మడతచాకులు సేకరిస్తారని తెలిసి ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన భూతద్దంతో చాలాసేపు చూశారు. "బ్లేడు కంపెనీదే. కానీ గోరు పెట్టి లాగే గాడిలో ఇత్తడి కూర్చి నున్నగా అరగదీశారు. పిడి మార్చారు. స్ప్రింగు చూడండి, ఎంత మొండిదో! ఎవరో పనిగట్టుకుని చెడగొట్టారమ్మా." చాకును తిప్పి ఇంకోసారి చూశారు. "చెడగొట్టినా శుభ్రంగా చెడగొట్టాడు. ఎవరు చేశారో కనుక్కోండి, తీసుకుంటాను. చేసినవాళ్ళెవరో తెలియని చాకుకు నా అల్మారాలో చోటు లేదు."

మర్నాడు భోజనాల వేళ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. పిడికి నాలుగు చిన్న మేకులున్నాయి. గుండ్రంగా ఉండాల్సిన మేకు తల ఒక పక్క చదునుగా ఉంది. అరిగిందేమో అనుకున్నాను. కానీ నాలుగూ అలాగే ఉన్నాయి. నాలుగూ ఒకే మందం. తాళాలు బాగుచేసే అతన్ని అడిగాను, గడియారాలాయన్ని అడిగాను. ఇలాంటి మేకులు తామెప్పుడూ చూళ్ళేదన్నారు.

"నీళ్ళకిచ్చినట్టు చాక్కి కూడా రిపోర్టు ఇచ్చెయ్యి, పోనీ," అన్నారు మావారు.

ఆదివారం అత్తయ్య కుట్టుమిషన్ ముందు కూర్చుని పిలిచారు. "అమ్మాయ్, సూది విరిగింది. నా కళ్ళకి ఆనడం లేదు, కొత్తది ఎక్కించిపెట్టు. చదునుపక్క వెనక్కి ఉండాలి, లేకపోతే కుట్టు పడదు."

సూదిని వెలుతురుకి ఎత్తి చూశాను. పై భాగం లావుగా, గుండ్రంగా, ఒక పక్క చదునుగా ఉంది. చాకు తెచ్చి పక్కన పెట్టాను. అదే మందం, అదే చదును.

"అత్తయ్యా, విరిగిన సూదులు ఎవరైనా దాచుకుంటారా?"

"ఇంకెవరు, ఆ నూనెడబ్బా తాత! మిషన్ బాగుచెయ్యడానికి వచ్చినప్పుడల్లా ముక్కలేవీ, ముక్కలేవీ అని నా ప్రాణం తోడేసేవాడు. ఇప్పుడు ఇళ్ళకి రావట్లేదులే. ఇంటి వరండాలోనే చేస్తాడు."

సాయంత్రం పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళాను. వరండాలో విప్పదీసిన మిషన్ ముందు ఒక పెద్దాయన. చొక్కా జేబులో చిన్న నూనెడబ్బా, దాని కింద ఏ సబ్బుకీ లొంగని గుండ్రటి మరక. చాకు చూపించగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఎవరికైనా తెగిందా అమ్మా?"

"లేదు తాతగారూ. తెగలేదు. అందుకే వచ్చాను."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మా వాడి పది వేళ్ళూ ఒక్కొక్కటిగా పట్టి చూసుకున్నారు. తర్వాత చెప్పారు.

"పుస్తకాలాయన తెచ్చాడమ్మా. ముప్పయ్యేళ్ళు దాటుంటుంది. పిల్ల పాకుతోంది, దొరికిందల్లా నోట్లో పెట్టేసుకుంటోంది, ఇది లేకుండా నాకు పని సాగదు అన్నాడు. గాడి పూడ్చేశాను, గట్టి స్ప్రింగు వేశాను. రెండు వేళ్ళతో బ్లేడు గట్టిగా పట్టి లాగితేనే వస్తుంది. వాళ్ళావిడ తెరవలేక నన్ను తిట్టిపోసిందట." ఆయన నవ్వారు. "ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో!"

"మీ ముందే ఉంది తాతగారూ."

ఇంత భయం నాకెక్కణ్ణుంచి వచ్చిందా అనుకునేదాన్ని. ఎప్పుడూ నవ్వుతూ ఉండే నాన్నకీ ఇంతే భయం ఉండేదన్నమాట. ఆ భయాన్ని ఈయన చేతికిచ్చి, నాన్న నిశ్చింతగా పని చేసుకున్నారు.

"మరి సూదిముక్కలేంటి?" అని అడిగాను.

లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. "దుస్తుల కార్ఖానాలో ఈయన మిషన్లు చూసేవాడు, నేను కుట్టేదాన్ని. చెప్పులు బయటే విడవాలి. ఓ రోజు విరిగిన ముక్క నా మడమలో దిగింది. సూది దిగితేగానీ నావైపు చూళ్ళేదు మహానుభావుడు!"

"అప్పట్నుంచీ ఒక్క ముక్క కూడా నేల మీద ఉండనివ్వను," అన్నారాయన, మందుసీసా నిండా ఉన్న సూదుల్ని చూపిస్తూ. "పదునంతా విరగ్గొట్టి, లావుపక్కని మేకుగా వాడేస్తాను. ఎవరి కాలికీ తగలవు కదా."

చాకును వేళ్ళతో లాగి చూసి పెదవి విరిచారు. "స్ప్రింగు నీరసించింది. వీడికి పదేళ్ళొచ్చేదాకా సరిపోయేది వేస్తాను, వారం ఆగి రా."

"తాతగారూ, ఈసారి లోపల మీ పేరు చెక్కండి."

"పేరెందుకమ్మా? అది లేకుండానే నువ్వు నన్ను పట్టుకున్నావుగా."

ఆ చాకుల ఆయనకి ఫోన్ చేసి, చేసినవారు దొరికారనీ, చాకు మాత్రం ఇవ్వననీ చెప్పాను. వారం తర్వాత తెచ్చుకుని పై అరలోనే పెట్టాను. తెరుచుకోదని తెలిసినా సరే, పై అరలోనే. మావారు పార్సిల్ విప్పబోయి, చాకు తెరవలేక, ముప్పయ్యేళ్ళ కిందట అమ్మ తిట్టినట్టే తిట్టుకున్నారు.

అత్తయ్య మిషన్ పక్కన ఇప్పుడు చిన్న సీసా ఒకటి ఉంది. విరిగిన సూదులు అందులో వేస్తున్నాం. మూడయ్యాయి. నిండగానే వరండాకి తీసుకెళ్ళి ఇస్తాను.