యాపిల్ పళ్ళ పరామర్శ

మా కాంపులో యాపిల్ అంటే జబ్బు మనిషి పండు. రాయచూరు నుంచి వచ్చే బస్సులో ఎవరి చేతిసంచీలోనైనా ఎర్రటి పండు కనిపిస్తే చాలు, "ఆస్పత్రిలో ఎవరున్నారండీ?" అని పక్కసీటు వాళ్ళు అడిగేవాళ్ళు. ఎవరూ లేరంటే నమ్మేవాళ్ళు కాదు. ఒంట్లో శుభ్రంగా ఉన్న మనిషి యాపిల్ కొనుక్కుని తినడం మేం ఎప్పుడూ చూడలేదు.

తుంగభద్ర కాలవ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్ళం మేం. తుర్విహాళకు దగ్గర్లోనే మా కాంపు, అంటే మా వలస రైతుల ఊరు. నీళ్ళు అందిన ప్రతి చెక్కలోనూ వరి వేశాం. నీడ పడితే పైరు ఎదగదనీ, పిట్టలు చేరతాయనీ గట్ల మీది చెట్లు కూడా కొట్టేశాం. ఇక మూడు పూటలా అన్నం, ఆవకాయ, మజ్జిగ. కూర ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పండు మాత్రం పండక్కి దేవుడి దగ్గర పెట్టే అరటిపండే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు గానీ, అప్పట్లో గొప్పగానే చెప్పుకునేవాళ్ళం.

ఆ తిండితో తాతయ్యకు చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం మొదలైంది. విరేచనం సాఫీగా కాక పొద్దుటిపూటంతా ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాడు. నాన్న ఆయన్ని రాయచూరు తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, పెద్ద జబ్బేం లేదు, ఒంటికి తాజా పళ్ళు అందడం లేదు, అంతే అన్నాడట. రోజూ ఏదో ఒక పండు తినమన్నాడు. యాపిల్, బేరి లాంటివైతే తొక్కతో సహా బాగా నమలాలి, ఆ పీచు కడుపును కదిలిస్తుంది. జామ, నారింజ చిగుళ్ళకు ఇంకా మంచివి. ఇంత తేలిగ్గా చెప్పడమే ఆయన చేసిన పొరపాటేమో. మందు ఖరీదైనదైతేనే పనిచేస్తుందని మావాళ్ళ నమ్మకం. నాన్న జామకాయల బండి దాటుకుని వెళ్ళి మరీ యాపిల్ పళ్ళూ బేరిపళ్ళూ కొన్నాడు.

బస్సు దిగి ఇంటికి నడిచేలోపే కాంపులో సగం మందికి తెలిసిపోయింది. మర్నాటి నుంచి పరామర్శలు. వచ్చేవాళ్ళు చేతులూపుకుంటూ రారు కదా, సింధనూరు వెళ్ళి యాపిల్ పళ్ళే తెచ్చారు. మంచం పట్టె మీద కూర్చుని, "ధైర్యంగా ఉండండి మావయ్యగారూ" అని గొంతు తగ్గించి చెప్పారు. డాక్టరు ఏమీ లేదన్నాడని నాన్న అంటే, పైకి అలాగే చెబుతారులే అన్నట్టు తలలూపారు.

అంతమంది అంత జాలిగా చూస్తే ఎవరికైనా అనుమానం రాదా? తాతయ్యకు అనుమానం కాదు, నమ్మకమే కుదిరింది. "డాక్టరు నీకేదో చెప్పాడు, నువ్వు దాస్తున్నావు" అన్నాడు నాన్నతో. పొలానికి వెళ్ళడం మానేశాడు. ఏ మడి గట్టు ఎక్కడ కారుతుందో, ఏ పక్కవాడితో జాగ్రత్తగా ఉండాలో నాన్నకు అప్పగింతలు పెట్టాడు. పళ్ళు మాత్రం ముట్టలేదు. ముట్టుకుంటే చావును ఒప్పుకున్నట్టే అనిపించింది కాబోలు. జబ్బు మనిషి పళ్ళని మమ్మల్నీ తిననివ్వలేదు. అవి మంచం పక్కన ఇత్తడి పళ్ళెంలో పోగుపడ్డాయి. అన్నం కూడా తగ్గించేసరికి, లేని జబ్బుతో మనిషి నిజంగానే చిక్కిపోయాడు. అలాగే వదిలేస్తే పోతాడనిపించేలా ఉన్నాడు.

నాయనమ్మ మాత్రం మామూలుగానే ఉంది. వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ కాఫీ ఇచ్చింది. "ఆయనదంతా హడావిడి లెండి" అంది. నాకు ఆవిడ మీద కాస్త కోపం కూడా వచ్చింది.

అవి కలుపుతీతల రోజులు. తెలంగాణ అంచున ఉన్న దేవసూగూరు వైపు పల్లెల నుంచి కూలి ముఠాలు వచ్చి కాంపులో ఉండేవి. ఒక మధ్యాహ్నం వాళ్ళలో ఒకామె మంచినీళ్ళ కోసం తాతయ్య మంచం ఉన్న మా వసారాలోకి వచ్చింది. చేతిలో జొన్నరొట్టె, దాని మీద కారం. పళ్ళెం వైపు చూసి ఆగిపోయింది.

"ఏంది పెద్దయ్యా, గిన్ని పండ్లు ముంగట పెట్టుకొని గట్ల పండుకున్నవు? ఒకటియ్యరాదు, రొట్టెల నంజుకుంట."

తాతయ్య మండిపడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు లేచింది. "అవి చచ్చేవాళ్ళు తినే పళ్ళే!"

"నువ్వు సచ్చేదాంక ఆగుతయా అవి? రేపటికే కుళ్ళుతయి."

అని, తీసుకోమన్నాడో వద్దన్నాడో చూడకుండా ఒక యాపిల్ తీసుకుని, కొంగుకు తుడిచి కసుక్కున కొరికింది. రొట్టె ఒక ముక్క, పండు ఒక ముక్క. రసం మోచేతి దాకా కారింది. ఆమెకు తాతయ్యను ఓదార్చే ఉద్దేశం ఏ కోశానా లేదు, ఆకలేసింది, అంతే. తినేసి, "జర సప్పగుంది" అని తీర్పు చెప్పి, నీళ్ళు తాగి చేలోకి వెళ్ళిపోయింది.

తాతయ్య పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఒక బేరిపండు తీసుకుని, తొక్కతోనే, నెత్తురొచ్చే చిగుళ్ళతోనే మెల్లగా నమిలి తిన్నాడు. ఇంకోటి తీసి, గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ వైపు చాపాడు.

"ఏమేవ్, ఇదిగో, తీసుకో."

"నాకెందుకూ? నేను బానే ఉన్నాను."

"నేనూ బానే ఉన్నాను. తీసుకో."

నాయనమ్మ పండు తీసుకుని గడప మీద కూర్చుంది. ఒక ముక్క కొరికింది. కొరికి, ఇల్లంతా వినపడేలా ఏడ్చింది. అన్నాళ్ళూ ఆయన పోతాడనే ఆవిడా నమ్మిందని మాకు అప్పుడు తెలిసింది. అమ్మ పరుగెత్తుకొచ్చినా ఏడుపు ఆపలేదు. ఏడుస్తూనే ఆ పండు మొత్తం తినేసింది.