అక్క పెట్టిన బొగ్గు ముక్క

ఈ రోజు కళింగపట్నంలో మా అక్క క్యారేజీలో వంజరం చేపల కూర సర్ది, దాని మీద ఒక బొగ్గు ముక్క పెట్టింది. “ఒరే, నీసు కూర ఒట్టిగా పట్టుకెల్తే దారిలో గాలి సోకుతాది,” అంది. దెయ్యాలకు బొగ్గంటే భయమట! హైస్కూల్లో సైన్సు చెప్పే నాకు ఒళ్లు మండింది. బస్సు కదలగానే ఆ ముక్కను కిటికీలోంచి విసిరేశాను.

మా ఊరు నౌపడలో దిగాక గాని మా ఆవిడ గుర్తుకు రాలేదు. ఆవిడ ముందు బొగ్గు చూస్తుంది, తర్వాతే కూర. సందు చివర ఇస్త్రీ కొట్టులో ఒక ముక్క అడిగి తీసుకుని, బుద్ధిగా కూర మీద పెట్టాను.

ఆవిడ గుమ్మంలోనే మూత తీసి, బొగ్గును వేళ్లతో తిప్పి చూసింది.

“ఇది వదిన పెట్టింది కాదు. వాల్లింట్లో సరుగుడు పుల్లలే కాలుస్తారు. ఆ బొగ్గు సన్నగా, గుండ్రంగా ఉంటాది. ఇది సింత బొగ్గు. అసలుదేటి సేసినారు?”

నిజం చెప్పేశాను.

“అయితే పిల్లలకి నానెట్టను. మీకు గాలీ గీలీ లేవు కదా, మీరే తినండి!”

నలుగురి కూర ఒక్కడినే తిన్నాను. ఇప్పుడు కడుపు డోలులా ఉబ్బింది. తిండి ఎక్కువైందని నేను, గాలి సోకిందని ఆవిడ. వాదిస్తూనే ఆ ఇస్త్రీ బొగ్గును మెత్తగా నూరి, తేనెలో కలిపి తెచ్చింది. కళ్లు మూసుకుని మింగాను.

మీరు ఎవరి పక్షమో చెప్పండి. నేను నోరు తెరుద్దామంటే పళ్లన్నీ నల్లగా ఉన్నాయి.